రెండిళ్ల నీళ్లు

"నన్ను ముంచడానికేనట్రా ఈ కంకర?"

అంటూ అన్న వేసిన కేకకు వీధంతా బయటికొచ్చింది. తమ్ముడి ఇంటి ముందు ట్రాక్టరు అప్పుడే కంకర దింపి వెళ్లింది.

అన్న తాపీమేస్త్రీ. తమ్ముడు పుస్తకాలకు బైండింగు చేస్తాడు. పల్లంలో ఒకే గోడకు అటూ ఇటూ రెండిళ్లు. ఇదివరకు నెలంతా కురిసే వాన ఇప్పుడు ఒక్క పూటలో కురుస్తోంది. మూడేళ్ల క్రితం మొదటిసారి ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు అన్నే చెప్పాడు.

"ఒకడు నేల ఎత్తు చేస్తే నీళ్లన్నీ రెండోవాడి కొంపలోకే. చేస్తే ఇద్దరం ఒకేసారి చేద్దాం. లేదంటే ఇద్దరం తడుద్దాం."

అమ్మ ఫొటో ముందు చేతిలో చెయ్యేసుకున్నారు.

"ఆ మాట గుర్తుందా? తోడబుట్టినవాడే వెన్నుపోటు పొడిస్తే ఇంకెవర్ని నమ్మాలిరా!" అన్న కంకరను కాలితో తన్నాడు.

"పోయినేడు మా ఇంట్లో నడుంలోతు వచ్చాయన్నయ్యా. అంతకుముందెప్పుడూ మోకాలు దాటలేదు. కాగితమంతా ముద్దయిపోయింది. ఈసారీ తడిస్తే ఇక నాకు పనిచ్చేవాడుండడు."

"మా ఇంట్లోకి రాలేదా? మేం మంచాలెక్కి కూర్చోలేదా? వానలే ముదిరిపోయాయి. కాలమే మారిపోయింది. దానికి నన్ను ముంచుతావా?"

వచ్చాయో లేదో తమ్ముడికి తెలీదు. చూస్తే కదా చెప్పడానికి! పోయినేడు వేసవిలో తోడికోడళ్లకు మాటామాటా పెరిగినప్పటి నుంచీ అతను అన్నగారి గడప తొక్కలేదు. ఏం మాట్లాడుకున్నా వీధిలోనే.

చుట్టూ చేరినవాళ్లూ అన్న వైపే. "తప్పు కదయ్యా" అంది ఎదురింటి టీచరమ్మ. మేస్త్రీ ఇంటి ముందు ఏడాది పొడుగునా ఇసుక గుట్టలుంటాయి, ఎవరూ కన్నెత్తి చూడరు. బైండరు ఇంటి ముందు కాస్త కంకర పడేసరికి మాత్రం అందరికీ కళ్లొచ్చాయి.

తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. సొంత అన్నను మోసం చెయ్యబోయానే అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అక్కడికక్కడే ట్రాక్టరువాడికి ఫోన్ చేశాడు.

"కంకర వెనక్కి తీసుకెళ్లిపో. అక్కర్లేదు."

అన్న మెత్తబడి భుజం తట్టాడు. "కాగితం అటక మీద పెట్టుకో. నీళ్లొస్తే ఇద్దరికీ వస్తాయి. నీకు నేను లేనట్రా?"

ఆ మాటకు తమ్ముడు బావురుమన్నాడు.

చినుకులు మొదలయ్యాయి. అన్న గబగబా ఇంటికెళ్లి, గుమ్మానికున్న మందపాటి తెర తప్పించి లోపలికి అడుగేశాడు. ద్వారబంధం పైకమ్మి ఠంగుమని నుదుటికి తగిలింది.

"మళ్లీనా!" అంటూ భార్య పరుగెత్తుకొచ్చి నుదురు రుద్దింది. "మీ చేత్తోనే నేల అడుగున్నర లేపి ఏడాది దాటింది, ఇంకా వంగి రావడం అలవాటు కాలేదా మీకు?"