హేమ చెప్పని పేరు

"ఆదివారం రైడ్!" అని ఫోన్లో అరిచింది హేమ.

రాజాం బజార్లో సిమెంటు కొట్టు ధనరాజు ఠక్కున షట్టర్ దించేశాడు.

పక్క కొట్టు జగన్నాధం కారణం అడగలేదు. తనదీ దించేశాడు. కాసేపట్లో వీధి వీధంతా బందు.

"ఎవలొస్తన్నారు? సేల్స్ టాక్సోల్లా, ఇన్‌కమ్ టాక్సోల్లా?" జగన్నాధం గుసగుసలాడాడు.

"రైడ్ అంటే దాడి కాదు ధనరాజూ! సైకిల్ తొక్కడం! పెళ్ళిరోజుకి ఎర్రమట్టి దిబ్బలకి పోదాం అనుకున్నాం కదా!" హేమ నవ్వు ఫోన్లోంచి వీధంతా వినిపించింది.

షట్టర్లు లేచాయి. ధనరాజు తల మాత్రం లేవలేదు.

ఇద్దరూ కాలేజీలో ఒకే క్లాసు. అందుకే హేమ మొగుణ్ణి పేరు పెట్టే పిలుస్తుంది.

ఆదివారం వచ్చింది. భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున దిబ్బలు. అద్దెకి తెచ్చిన రెండు గేరు సైకిళ్ళు.

మొదటి ఎత్తులోనే హేమ గేరు మార్చింది. ధనరాజుకి గీర తగ్గింది.

దారి చూపడానికి ఒకతను పాత సైకిల్‌తో సిద్ధంగా ఉన్నాడు. ఇంచుమించు ధనరాజు ఈడే. కండలు మాత్రం ధనరాజువి కావు.

"ఎవడితను?"

"ఈ ఊరాయనే. పోయినేడు మా సైకిల్ జట్టుకి దారి చూపించాడు. ఇవాళ మన భోజనం వాళ్ళింట్లోనే."

"పేరేటి?"

హేమ పెదవి కొరుక్కుంది. "నేను చెప్పను."

"చెప్పవా?"

"చెప్పకూడదు." పైగా ఒక నవ్వు.

టైర్లలో గాలి సరిగ్గానే ఉంది. ధనరాజు గుండెలో మాత్రం పంక్చరు పడింది. ఆడది నోట పలకని పేరు మొగుడిదొక్కటే కదా! ఆ లెక్కన తనెవరు?

"ఏవండోయ్! ముందు ఇసక ఉందా?" ఇది అతనికి.

"ధనరాజూ, తొక్కు!" ఇది ఇతనికి.

దారిన పోయేవాడికి 'ఏవండోయ్'. తాళి కట్టినవాడికి 'తొక్కు'.

ధనరాజు సైకిల్ తొక్కుతున్నాడు. కోపం తొక్కిపెడుతున్నాడు.

అతను మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. అతని వెనక హేమ. హేమ వెనక ధనరాజు. ఆ చూపు ఎక్కడ ఆగుతోందో వేరే చెప్పాలా?

దిబ్బలు ఎర్రగా ఉన్నాయి. ధనరాజు కళ్ళు వాటిని మించిపోయాయి.

ఓ గండి దగ్గర హేమ సైకిల్ జారింది. అతను తన సైకిల్ వదిలేసి, పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సెయ్యి తియ్యరా!"

దిబ్బలన్నీ 'రా, రా' అని బదులిచ్చాయి. ధనరాజు మాత్రం పొమ్మనే అన్నాడు.

"నీ వరస నేను సూడ్డం లేదనుకుంటన్నావా? మాటిమాటికీ ఎనక్కి ఆ సూపులేటి? దారి మాకు తెలుసు. నువ్వు పో!"

"ధనరాజూ! ఆయన ఎవరో తెలుసా నీకు?" అంది హేమ.

"పేరు సెప్పు, తెలుసుకుంటాను!"

హేమ నోరు తెరిచింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒద్దు తల్లీ. పెళ్లిరోజంటన్నారు, గొడవలెందుకు?" తర్వాత ధనరాజుతో అన్నాడు. "అమ్మ కూరొండింది బాబూ. తినకుండా ఎల్లకండి."

సైకిలెక్కి దిగువకి పోయాడు. ఈసారి వెనక్కి చూడలేదు.

హేమ సైకిల్ వాళ్ళింటి వైపే తిప్పింది. ఆమెని ఒంటరిగా పంపడం ఇష్టంలేక ధనరాజూ వెనకే తొక్కాడు.

అతని తల్లి లక్ష్మణమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"రండి బాబూ, రండి. మావోడు ఇప్పుడే సంచీ అట్టుకుని ఎలిపోనాడు. మావోల్లంతా గుజరాతు బోట్ల మీదకి పనికెల్తారు కదా, రైలుకెల్లే ఆటో ఆగనేదు. కలిసి తిని ఎల్తాడనుకున్నాను. మరి అక్కడ సేపల ఏట ఆపినాకే రావడం."

పీడ పోయిందని ధనరాజు పీట మీద కూర్చున్నాడు. చేపల పులుసు రుచిగా ఉంది. రైలెక్కి పోయేవాడి మీద కుళ్ళు మానుకోవడం కూడా తేలికే.

వీధిలో వాళ్ళు చుట్టాలని చూడటానికి గుమ్మం దగ్గర చేరారు.

"ఇంతకీ మీ అబ్బాయి పేరేటమ్మా? మా ఆవిడ సెప్పడం లేదు."

"సూరయ్య బాబూ."

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. అది పోయిన తన తండ్రి పేరు.

"నేను కోడల్ని. మావ పేరు నోటితో ఎలా అంటాను?" అంది హేమ.

గుమ్మం దగ్గరున్నవాళ్ళు గొల్లున నవ్వారు. అంతేనా అన్నట్టు ధనరాజూ నవ్వబోయాడు.

హేమ నవ్వలేదు. "అమ్మా, పోయినేడు నాకు చెప్పింది ఈయనకీ చెప్పు. నీ నోటితో వినాలనే తీసుకొచ్చాను."

లక్ష్మణమ్మ పులుసు గిన్నె కింద పెట్టింది.

"నాకు నొప్పులొచ్చిన పొద్దు మగోల్లంతా ఏటకెల్లిపోనారు. పెద్ద వాన. మీ నాన్న ఉప్పు లోడు లారీతో ఈ దారంటే వస్తన్నారు. నన్ను ఆ మూటల మీద తొంగోబెట్టి, ఉప్పు మీదున్న టార్పాలిన్ తీసి నాకు కప్పినారు. ఆస్పత్రి కూడా రానేదు, దాని కిందే పుట్టీసినాడు ఈడు. లోడంతా వానకి కరిగిపోనాది. ఆ బాబు పేరే ఈడికెట్టుకున్నాను. రాజాం లారీ సూరయ్య బాబంటే తన మావేనని పోయినేడు ఈ తల్లే పోల్సింది."

ధనరాజు విస్తరి మీంచి తల ఎత్తలేదు.

లక్ష్మణమ్మ ఆటో పోయిన దారి వైపు చూసింది.

"'అన్న వస్తన్నాడంట, కళ్ళారా సూసుకుని ఎల్తాను' అని, ముందు జట్టుతో ఎల్లకుండా ఆగిపోనాడు బాబూ; దారిలో నీకేటీ సెప్పనేదా?"