నౌక ఎక్కని తార

"సిరీస్ పేరు చెడగొట్టినారక్కా," అన్నాడు అబూబకర్. అక్కా తమ్ముడూ ఏళ్లుగా కలిసి చూసిన అంతరిక్ష కథల సిరీస్ నుంచి వచ్చిన కొత్త సినిమా చూసి, నేరుగా కర్నూలు బస్టాండుకు వచ్చారు. గౌసియా ఈ రోజు బద్వేలులోని అత్తింటికి తిరిగి పోవాలి.

"నాకు శానా నచ్చినాది," అంది గౌసియా.

"ఫ్యాన్సంతా తిడతాండారు. ఇంటికి పోయే నౌక ముందర నిలబడి హీరోయిన్ తార ఎక్కనంటాదా? కారణం గూడా చెప్పదే?"

"ఎవరన్నా అడిగినారా?"

"ఏమని?"

"ఎందుకు పోనంటాండావని. ఎక్కు, ఎక్కు అనేటోళ్లే అందరూ."

అబూబకర్ ఆ మాట పట్టించుకోలేదు. బద్వేలు బస్సు వచ్చి ఆగింది. అతను సంచీ అందుకున్నాడు.

"ఎక్కక్కా, సీట్లు నిండుతాండాయి."

గౌసియా కదల్లేదు. ఆమె చేతులు కొంగును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఇంట్లో వారం నుంచి అమ్మా, నాయనా, తనూ ఆమెతో అంటున్నదీ 'పో, పో' అనే అని అబూబకర్‌కు గుర్తొచ్చింది.

కండక్టర్ రైట్ అన్నాడు. అబూబకర్ సంచీ కింద పెట్టాడు.

"ఎందుకు పోనంటాండావక్కా?"

బస్సు వెళ్లిపోయింది. గౌసియా బెంచీ మీద కూర్చుని, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.