పెద్దాఫీసు ఇంగ్లీషు

వేదాద్రి మాస్టారు బదిలీకి అయిదోసారి దరఖాస్తు పెట్టుకుంటున్నారు. అదీ తరగతి గదిలో, నల్లబల్ల మీద, పదో తరగతి పిల్లలందరి ముందూ.

"లేని మామయ్యకు ఉత్తరం రాయమంటే మీకు చేతులు రావు. నిజంగా పోయే ఉత్తరమైతే వస్తాయి. అంచేత నా బదిలీయే ఇవాళ్టి పాఠం. అందరూ రాయండర్రా. బాగున్నదాన్నే పంపిస్తాను," అన్నారు.

ఆయన పాఠాలన్నీ ఇలాగే ఉంటాయి. బైలదిల్లా కొండ కింద గని కంపెనీ నడిపే ఈ హైస్కూలుకు ఆయన వచ్చి రెండేళ్లయింది. అంతకు ముందు మూడేళ్లు ఇంగ్లీషుకు దిక్కే లేదు. ఆ పీరియడులో పిల్లలు బడి తోటకు నీళ్లు పోసేవాళ్లు. తోట ఏపుగా పెరిగింది. పదో తరగతి మాత్రం ఏటా ఇంగ్లీషులోనే తప్పేది.

మాస్టారు రాగానే గైడ్లను అటకెక్కించారు. పిల్లల్ని వారం సంతకు తీసుకెళ్లి, బేరం ఇంగ్లీషులోనే ఆడమన్నారు. మాసే అనే పిల్ల కోడిపుంజు ధర ఇంగ్లీషులో అడిగితే, అమ్మే ఆమె ఆఫీసరు గారి అమ్మాయి కాబోలనుకొని రెట్టింపు చెప్పింది. గని సైరన్ మోగినప్పుడల్లా ఒకరు లేచి, ఆ క్షణాన ఇంట్లో ఎవరేం చేస్తున్నారో ఇంగ్లీషులో చెప్పాలి. బుధ్రాం వాళ్లమ్మ రెండేళ్లుగా జావ కాస్తూనే ఉంది.

ఇంత చేసినా మాస్టారి మనసంతా విశాఖలోనే. అక్కడా కంపెనీ బడి ఉంది. సముద్రం ఉంది, వంజరం వేపుడు ఉంది. ఇక్కడ అన్నంలో కలుపుకున్నా కలుపుకోకపోయినా ఎర్రదుమ్మే.

"రోజూ రైళ్లకు రైళ్లు ఇనపరాయి విశాఖ పోతోంది. నేను ఆ రాయిపాటి చెయ్యనా?" అని వాపోయేవారు.

ఈసారి సారలమ్మ రాసిన దరఖాస్తు నెగ్గింది. మాస్టారు సంతకం పెట్టి సారలమ్మ తండ్రి ఎర్రయ్య చేతికిచ్చారు. ఎర్రయ్య కంపెనీలో డాక్ మోసే ప్యూను. బడి ఉత్తరాలు పోవాలన్నా రావాలన్నా ఆయన సంచిలోనే.

"ఈపాలి ఖాయం సారూ. ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు ఎర్రయ్య.

మాస్టారు ఆ నమ్మకంతో ట్రంకు పెట్టె కూడా సర్దేశారు. పిల్లలకు నెలన్నరలో బోర్డు పరీక్షలు. ఈయన పోతే మళ్లీ తోటకు నీళ్లే.

మూడు వారాలకు విశాఖ పెద్దాఫీసు నుంచి జవాబొచ్చింది. కంపెనీ కాగితం మీద ఇంగ్లీషులో చక్కగా టైపు చేసి ఉంది. మాస్టారు క్లాసులోనే విప్పారు. మీ విన్నపాన్ని సానుభూతితో పరిశీలించాము. మీవంటి ఉపాధ్యాయుణ్ణి వదులుకొనే స్తోమత సంస్థకు లేదు. బోర్డు పరీక్షల అనంతరం మరల వ్రాయగలరు.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి ఆయన కాగితం మళ్లీ చదివారు. మూడోసారి చదివేటప్పటికి మొహంలో వెలుగొచ్చింది.

"కాదన్నారు, సరే. కానీ ఆ కాదనడం చూడండర్రా! ఒక మాట ఎక్కువ లేదు, ఒక కామా తక్కువ లేదు. పోయిన నాలుగూ ఇంతే. పెద్దాఫీసు ఇంగ్లీషంటే ఇదీ. రాసుకోండి!"

తనను తిరస్కరించిన ఉత్తరాన్ని తనే బల్ల మీద పొల్లుపోకుండా ఎక్కించారు. పిల్లలు తల ఎత్తకుండా రాసుకున్నారు.

"ఎప్పటికైనా మీలో ఒక్కరు ఇలా రాస్తే చాలు, నా జన్మ ధన్యం."

"కోషిష్ చేస్తం సార్," అన్నాడు బుధ్రాం వినయంగా.

"ఇంత బాగా రాసేవాడికి నా బాధ ఎప్పటికైనా అర్థం కాకపోదు. పరీక్షలకు ముందే ఇంకోటి పడేస్తా," అంటూ మాస్టారు సుద్దచేతులు దులుపుకొని వెళ్లారు.

ఆయన వరండా దాటేదాకా ఆగి, సారలమ్మ వెనక్కి తిరిగి గొంతు తగ్గించి అంది: "బుధ్రాం, వచ్చేపాలి పెద్దాఫీసు జవాబు టైపు చేసేటప్పుడు రెండు తప్పులన్న పెట్టురా, లేకుంటే ఆయన నేర్పిన మనమే రాస్తున్నమని సారుకు ఎరుకైతది."