ఒకటో నంబర్ కస్టమర్

"మొదటి చాప్టర్ పీకేద్దాం అక్కా, కట్టుకథలా ఉంది," అంటూ తమ్ముడు ప్రూఫు కాగితాలు బల్ల మీద పడేశాడు.

అక్కకి ఒళ్లు మండింది. కంపెనీకి పదేళ్లు నిండాయని చరిత్ర పుస్తకం వేస్తున్నారు. సాయంత్రానికి ప్రెస్సుకి వెళ్లిపోవాలి. ఏ కస్టమర్ ఏ కొట్టుకి ఎప్పుడొస్తాడో, ఏం కొంటాడో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ వాళ్లది. తయారు చేసింది తమ్ముడు. చెప్పులరిగేలా కొట్టుకొట్టుకీ తిరిగి అమ్మింది అక్క. ఆ తిరుగుడంతా ఉన్నది మొదటి చాప్టర్లోనే. అది కాస్తా పోతే పుస్తకంలో ఆవిడ మిగిలేది గ్రూపు ఫొటోలో మాత్రమే.

"కట్టుకథేంట్రా? మన సాఫ్ట్‌వేర్ చెప్పిన మొట్టమొదటి జోస్యం అది! ఒకటో నంబర్ కస్టమర్ వచ్చే బుధవారం పొద్దున్నే రంగుల కొట్టుకొచ్చి తెల్ల రంగు డబ్బా కొంటాడంది. కొన్నాడా లేదా?"

"కొన్నాడు. ఆ బుధవారమే కాదు, ప్రతి బుధవారం కొన్నాడు. నువ్వక్కడ ట్రయల్ ముగించుకుని వచ్చేశాక మళ్లీ ఆ ఛాయలకి రాలేదు. అంత తెల్ల రంగు ఏం చేసుకున్నాడు, తాగాడా?"

"పెయింటరై ఉంటాడు."

"పెయింటరైతే ఒక్క బ్రష్షయినా కొనడా? రేపు పుస్తకం విడుదల సభలో ఎవరైనా అడిగితే నీళ్లు నమలాల్సింది నేను. ఆ మనిషిని చూపించు, చాప్టర్ ఉంచుతా. లేదంటే తీసేస్తా."

"పద," అంది అక్క, బ్యాగు భుజాన వేసుకుని.

రంగుల కొట్టు ఏమీ మారలేదు. అదే టర్పెంటైన్ వాసన. కౌంటర్ మీద అదే బిల్లింగ్ మిషను, దాని పక్కనే మూత తుప్పు పట్టిన డబ్బా ఒకటి. ఓనరు పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఓహో, అమ్మాయే! దారి తప్పొచ్చావా?" అన్నాడు.

"బాబాయ్, మా ఒకటో నంబర్ కస్టమర్ ఎవరు? మాకు నంబర్లే కనిపిస్తాయి, పేర్లు కనిపించవు. వీడేమో అసలలాంటి మనిషే లేడంటున్నాడు."

"లేకపోవడమేంటి? నిక్షేపంలా ఉంటేనూ!"

"మీరు కళ్లారా చూశారా?" అన్నాడు తమ్ముడు.

"చూడకేం బాబూ. ఒక బుధవారం కుండపోతగా వాన. వీధిలో మోకాల్లోతు నీళ్లు. కొట్టు తియ్యాలా వద్దా అని ఊగిసలాడుతూ వచ్చాను. అప్పటికే తడిసి ముద్దయి, చూరు కింద నిలబడి ఉంది ఆ శాల్తీ."

"అంత వానలోనా? ఒక్క డబ్బా కోసమా?"

"నేనూ అదే అనుకున్నాను. మీ సాఫ్ట్‌వేర్ నాకు ముక్క అర్థం కాలేదు. కానీ వస్తుందన్న మనిషి వచ్చింది. ఇంత గట్టి మనిషిని పట్టుకుందంటే ఇందులో ఏదో ఉందనిపించింది. అది చూసే కొన్నాను."

అక్క తమ్ముడికేసి గర్వంగా చూసింది. వాడు తగ్గలేదు. "అయితే పేరు చెప్పండి. ఉండేదెక్కడ?"

"చూపిస్తాను, తొందరేముంది? అమ్మా, ఎలాగూ వచ్చావు కదా, ఈ మిషను సంగతి కాస్త చూడు. పొద్దున్నుంచి మొరాయిస్తోంది. నీ చెయ్యి పడితే గానీ మాట వినదు."

అక్క లేచి కౌంటర్ వెనక్కి వెళ్లింది గానీ మనసు మనసులో లేదు. పెద్దాయన మాట ఎందుకు దాటేస్తున్నాడు? కొంపదీసి ఆ బిల్లులన్నీ తన మీద జాలిపడి ఆయనే వేయించాడా? అలాగైతే మొదటి అమ్మకమే ఒకరి దయ. ఇన్నాళ్లూ తన కష్టం అనుకున్నదంతా ఆ దయ మీదే నిలబడిందా? ఆ ఆలోచనకే ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

తమ్ముడు స్టూలు మీద కూచుని, ఫోన్లో ఒకటో నంబర్ పాత బిల్లులు తిరగేస్తున్నాడు. మధ్యలో ప్రెస్సు వాళ్లు ఫోన్ చేస్తే, "ఇంకాసేపట్లో చెప్తాం, మొదటి చాప్టర్ డౌటు," అని పెట్టేశాడు.

ఆ మాట అక్క చెవిన పడింది. పళ్లు బిగించి మిషను ఆపింది. కాసేపాగి మళ్లీ వేసింది. తెర వెలిగి కస్టమర్ నంబరడిగితే, ఆ గడి ఖాళీగా వదిలేసింది. ట్రయల్ రోజుల్లో వారం వారం వచ్చి మిషను పరీక్షించిన అలవాటు కొద్దీ, చూడకుండానే చెయ్యి చాపి పక్కనున్న డబ్బా అందుకుని బార్‌కోడ్ చదివే ఎర్ర లైటు ముందు పెట్టింది. మిషను బీప్‌మంది.

"పలికింది బాబాయ్. బాగానే పనిచేస్తోంది."

అంతలో తమ్ముడు స్టూలు తన్నేసి లేచాడు.

"అక్కా, వచ్చాడు! ఒకటో నంబర్! తెల్ల రంగు డబ్బా! ఇప్పుడే, ఈ కొట్లోనే!"

కొట్టంతా కలయజూశాడు. తాము ముగ్గురే తప్ప నరమానవుడు లేడు. ఒక్క ఉదుటున గుమ్మంలోకి పరిగెత్తి, వీధిలోకి అటూ ఇటూ మెడ సాచాడు.

"వీధిలో ఏం వెతుకుతావు బాబూ?" పెద్దాయన తీరిగ్గా కళ్లజోడు తుడుచుకున్నాడు. "నంబరు గడి ఖాళీగా వదిలితే ఈ మిషను ఒకటనే వేసుకుంటుంది. మీ అక్క చేతిలో డబ్బా చూడు."