సొరకాయబుర్ర దీవి

వీళ్ళకా సముద్రం గురించి చెప్పడం? చెరువుకు నీళ్ళొస్తే తిరునాళ్ళ చేసుకునేవాళ్ళకా? ఆ చెరువు నిండి కూడా ఆరేళ్ళయింది. వీళ్ళకు నీళ్ళంటే కడవ. కడవంటే తగువు. అంతకు మించి ఆ తలల్లో ఒక్క చుక్క పట్టదు.

ఇలా అనుకుంటూనే మారెప్ప అందరికీ చేతులు జోడించాడు.

బడి వరండాలో నలభై మంది దాకా కూర్చున్నారు. ఎదురుగా రోడ్డు, బస్సు ఆగే చోటు. పంతొమ్మిది వందల యాభై తొమ్మిది నాటి ఎండ. నీడ కోసం ప్రయాణికులు కూడా కొందరు వచ్చి చేరారు.

మారెప్ప గోరంట్ల వైపు మనిషి. ఈ ఊరొచ్చి ఆరు నెలలు. తహితి అనే దీవిలో నాలుగేళ్ళు ఉండి వచ్చాడని ఊరంతా చెప్పుకుంటుంది. పంచాయతీ కొత్తగా గ్రంథాలయం పెడుతోంది. "నీ దీవి కత మావాళ్ళకు నచ్చిందంటే ఆ కుర్చీ నీదేలే" అన్నాడు ప్రెసిడెంటు గురప్ప. సంతకానికి సరిపడా అక్షరాలు మాత్రమే నేర్చుకున్న గురప్ప!

అయినా ఆ కుర్చీ కావాలి. చుట్టూ పుస్తకాలు, తాళంచెవి తన జేబులో ఉండే గది. మారెప్ప మరేమీ కోరుకోలేదు.

చేతిలో పాత భూగోళం పుస్తకం ఉంది. దానికి న్యూస్‌పేపరు అట్ట. హెడ్మాస్టరు రామదాసు చెయ్యి చాపాడు.

"ఒకసారి ఇయ్యి మారెప్పా, చూసిస్తా."

"పాతది సార్. కాగితాలు ఊడిపోతాయి."

ఇతనొకడు. పిల్లలకు ప్రపంచ పటం చూపిస్తాడు. తను మాత్రం గుత్తి దాటి పోయి ఎరగడు.

మారెప్ప మొదలుపెట్టాడు. "అది రెండు అగ్నిపర్వతాలు కలిసి పుట్టిన దీవి. పెద్ద శిఖరం ఏడు వేల అడుగుల పైమాటే. చుట్టూ పగడపు గోడ. గోడలో సందు ఉన్నచోటే పడవ లోపలికి పోవాల. వందల ఏండ్ల కిందట మనుషులు చుక్కల గుర్తుతో, జంట పడవల్లో ఆడికి వచ్చినారు. ఆ తర్వాత ఇంగ్లీషోళ్ళు వచ్చి చూసినారు. ఫ్రెంచోళ్ళు వచ్చి రాజు చేత దీవిని తమ పేర రాయించుకున్నారు."

"ఏమప్పా, ఆడ గొర్రెలుండాయా?" అన్నాడు గురప్ప.

"లేవు. పందులు, కోళ్ళు."

"గొర్రె లేని దేశమేం దేశమప్పా!"

నవ్వులు. వెనక నుంచి ఎవరో వాన సంగతి అడిగారు. ఏడాదికి డెబ్బై అంగుళాలన్నాడు.

"నోటి వానకు దుడ్లేం పడవులే అన్నా, ఇంకొంచెం కురిపించు!"

మళ్ళీ నవ్వులు. మారెప్ప పళ్ళు బిగించాడు. శిఖరాలు, రాజులు, సంవత్సరాలు. అన్నీ వీళ్ళ ముందు పోసి ఏం లాభం?

"దీవి చూసేకి ఎట్లుంటాదప్పా?" అని అడిగాడు ముందు కూర్చున్న ఒకడు.

"సొరకాయబుర్ర మాదిరి. గొర్రెలకాపర్లు నీళ్ళు పోసుకుంటారే, అట్ల. పెద్ద పొట్ట, సన్నని నడుము, చిన్న తల."

తలలూగాయి. మొదటిసారి.

ఆ పోలిక పుస్తకంలో లేదు. నాలుగేళ్ళు తన పక్కన పడుకున్న ఒక కాపరి, పటం మీద వేలు పెట్టి అన్న మాట. అప్పుడు వాణ్ణి మొద్దు అని వెక్కిరించాడు. ఇప్పుడు ఈ జనం కదిలింది ఆ మొద్దు మాటకే. అది తలుచుకుంటే ఒళ్ళు మండింది.

స్తంభానికి ఆనుకున్న ఒక ముసలామె లేచి నిలబడింది. ఈ ఊరి మనిషి కాదు. బస్సు కోసం వచ్చింది. చంకలో మూట.

"మా నాగప్ప గూడా అదే అంటాడు నాయనా. సొరకాయబుర్ర మాదిరి దీవి అని."

మారెప్ప పుస్తకాన్ని వీపు వెనక్కి మార్చాడు.

"నీ కొడుకూ దీవికి పోయినాడా అవ్వా?" అన్నాడు గురప్ప.

"నాకేం తెలుసప్పా. పోయినప్పుడంతా ఆ దీవి సంగతే చెప్తాడు. నెలకొకతూరి పోతా. రొట్టెలు, చెనిక్కాయల పొడి ఇచ్చొస్తా."

వరండా గొల్లుమంది.

"దీవికి రొట్టెలు తీసకపోతాదంట!"

"సముద్రం ఎట్ల దాటుతావవ్వా, కోక ఎత్తి పట్టుకునా?"

ఆమె నవ్వలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. మారెప్ప ముఖం వైపే చూస్తోంది.

గురప్ప కళ్ళు తుడుచుకున్నాడు. "చెప్పప్పా మారెప్పా, ఈయమ్మ కొడుకు ఆడ కనపడినాడా నీకు?"

లేదని తల ఊపితే చాలు. పిచ్చిదని నవ్వేస్తే ఇంకా మంచిది. కుర్చీ తనది. ఈ మూర్ఖుల నవ్వులో తన నవ్వూ ఒకటి కలుస్తుంది, అంతే. ఆ ఆలోచనకే వెగటు పుట్టింది. అప్పటికే తన పెదవి ఒక మూల నవ్వుకు వంగి ఉందని తెలిశాక మరింత పుట్టింది.

"కనపడినాడు" అన్నాడు మారెప్ప. "నాకంటే మంచోడు."

నవ్వు ఆగిపోయింది. రామదాసు కళ్ళద్దాలు సర్దుకుని అతని వైపు చూశాడు.

రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. ముసలామె తడుముకుంటూ మెట్లు దిగింది.

మారెప్ప వెనకే పరుగెత్తి, మొదటి పేజీ మీద బళ్ళారి జైలు గ్రంథాలయం గుండ్రటి ముద్ర ఉన్న ఆ పుస్తకాన్ని, నాగప్పకిమ్మని ఆమె రొట్టెల మూటలో పెట్టాడు.