కలగూరగంప

“ఇవాళ ఏదో ఒకటి కొంటానని మాటిస్తేగానీ హెడ్‌ఫోన్లు ఇచ్చేది లేదు టైలరు గారూ!” అంది పాత రికార్డుల షాపు యజమానురాలు, వాటిని కౌంటరు మీంచి వెనక్కి లాక్కుంటూ.

టైలరు చంకలో నాలుగు రికార్డులతో నిలబడిపోయాడు. కుడుతున్న చొక్కా మిషను మీదే వదిలేసి వచ్చాడేమో, కొలతల టేపు మెళ్ళో వేలాడుతోంది. పది రోజులుగా ఇదే వరస.

“వినకుండా ఎలా కొనమంటావమ్మా?”

“వింటూనే ఉన్నారుగా! మొన్న ఇంద్రజాలం. నిన్న బ్యాండు మేళం. ఇవాళేమో...” ఆవిడ ఆయన చంకలోవి ఒక్కొక్కటే లాగి చూసింది. “వయొలిన్ కచేరీ, కుస్తీ పోటీలు, బొమ్మ చేత మాట్లాడించేవాడి హాస్యం, వక్తృత్వ పోటీ! వక్తృత్వ పోటీని రికార్డు పెట్టుకుని వినే మనిషిని నా జన్మలో చూళ్ళేదు. మా షాపులో మీ పేరేంటో తెలుసా? కలగూరగంప.”

ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆవిడ పెదవి విచ్చుకోలేదు. ఆవిడ తీరే అంత. వచ్చినవాళ్ళని కడుపుబ్బ నవ్విస్తుంది గానీ, తను నవ్వగా చూసినవాళ్ళు లేరు.

“పైగా వయొలిన్ వస్తుంటే సూది ఎత్తేసి, చప్పట్ల దగ్గర పెట్టుకుంటారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారని!”

టైలరు మొహం చిన్నబోయింది.

“నాకు సంగీతం ఒక్క ముక్క తెలీదమ్మా. నేను వెతుకుతున్నది మా ఆవిడ నవ్వు.”

యజమానురాలు చేతిలోని రికార్డులు కౌంటరు మీద పెట్టేసింది.

“తను పోయి ముప్పై ఏళ్ళు. అప్పటికి మా అమ్మాయికి రెండేళ్ళు. ఈ మధ్య ఉన్నట్టుండి, ‘అమ్మ ఎలా నవ్వేది నాన్నా?’ అని అడిగింది. చెబుదామని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఆవిడ భుజం కొలత, చేతి కొలత, మెడ చుట్టు కొలత నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నవ్వు మాత్రం గుర్తులేదమ్మా. ఎంత కొట్టుకున్నా గుర్తు రావట్లేదు.”

“అది రికార్డులో ఎందుకుంటుందండీ?”

“స్టేషను పక్క హాల్లో ఏం జరిగినా వెళ్ళి ముందు వరసలో కూర్చునేది. ఓరోజు వచ్చి, ‘ఇవాళ్టిది రికార్డు చేశారట, నా నవ్వు కూడా పడే ఉంటుంది’ అంది. ఏం ప్రదర్శనో కూడా చెప్పే ఉంటుంది. నేను మిషను తొక్కుకుంటూ ఊఁ కొట్టాను. ఎన్నిసార్లు రమ్మన్నా ఒక్కసారి తోడు వెళ్ళిన పాపాన పోలేదు.”

“ఆ హాల్లో రికార్డు చేసింది ఒక్కటే, హాస్య నాటిక,” అనేసి, ఆవిడ నాలిక కరుచుకుంది.

“నీకెలా తెలుసు?”

“ఆ రికార్డు తీసిన కంపెనీలో కొన్నాళ్ళు పనిచేశాలెండి.”

“ఏం పని?”

“చెప్పుకోదగ్గ పనేం కాదు. అయినా ఆ రికార్డు నిండా గీతలే. వినలేరు, వదిలెయ్యండి.”

టైలరు రెండు చేతులూ జోడించాడు. ఆవిడ కింది అరలోంచి రికార్డు తీసి, దుమ్ము తుడిచి, ప్లేయరు మీద పెట్టింది. హెడ్‌ఫోన్లు ఆయన చేతికిచ్చింది.

గరగరల మధ్య ఎవరో ఏదో అన్నారు. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వులన్నిటి మీదా ఒక ఆడగొంతు తేలింది. మూడు చిన్న తెరలు, తర్వాత ఊపిరందనట్టు ఒక పెద్ద తెర, చివర్న ఒక ఎక్కిలి.

“ఇదే!” టైలరు భోరుమన్నాడు. “ఇదేనమ్మా! ఆ ఎక్కిలి మా ఆవిడదే!”

“బాగా గుర్తుపట్టారా?” ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది.

“కాపురం చేసినవాణ్ణి, ఆ మాత్రం గుర్తుపట్టనా? వినగానే అంతా కళ్ళముందుకొచ్చేసింది. సాయంత్రానికల్లా మా అమ్మాయికి వినిపించాలి.”

యజమానురాలు ఏదో చెప్పబోయింది. ఆయన మొహంలో వెలుగు చూసి మానుకుంది. రికార్డు కవరులో పెట్టి, ఆయన సంచిలో వేసింది. ధర అడిగితే వద్దని చెయ్యి ఊపింది.

టైలరు సంచి గుండెలకి హత్తుకుని బయల్దేరాడు. హెడ్‌ఫోన్లు తియ్యాలన్న ధ్యాసే లేదు. వైరు ప్లేయరులోంచి ఊడి వెంట వచ్చింది. బతుకంతా మెళ్ళో టేపు వేలాడేసుకుని తిరిగిన మనిషికి పక్కన ఇంకోటి వేలాడుతుంటే ఏం తెలుస్తుంది? గుమ్మం దగ్గర అది కాలికి అడ్డం పడింది. కిందికి చూడకుండానే దాన్ని పైకి లాగి, టేపు సవరించుకున్నట్టు దర్జాగా మెళ్ళో వేసుకున్నాడు.

అంతలో ఆ నవ్వు మళ్ళీ వినిపించింది. మూడు చిన్న తెరలు, ఒక పెద్ద తెర, చివర్న ఎక్కిలి.

టైలరు కళ్ళు మూసుకుని హాయిగా తలూపాడు. కాసేపటికి గుండె మీద చల్లగా ఏదో తగిలితే తడిమి చూసుకున్నాడు. వైరు కొస. అది దేనికీ తగిలించి లేదు. రికార్డు సంచిలోనే ఉంది.

వెనక్కి తిరిగాడు. కౌంటరు వెనక యజమానురాలు రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది.

“హాల్లో నవ్వులు పల్చగా పడ్డాయండీ,” అంది మెల్లగా, చేతులు దించి. “తర్వాత స్టూడియోలో నన్ను కూర్చోబెట్టి నవ్వించి, పైన కలిపారు. అదే నా ఉద్యోగం. క్షమించండి.”

టైలరు వెనక్కొచ్చి సంచి కౌంటరు మీద పెట్టాడు. హెడ్‌ఫోన్లు తీసి, వైరుని టేపులాగే పొందిగ్గా చుట్టి, దాని పక్కన ఉంచాడు.

“మరి మా ఆవిడ ఎలా నవ్వేదమ్మా?” అని అడిగాడు.