ఓపెన్ ద లైట్

"మొద్దూ! తలుపు ఓపెన్ చేస్తారు, పెట్టె ఓపెన్ చేస్తారు. లైటుని ఎవడైనా ఓపెన్ చేస్తాడట్రా?"

చూ టీచర్ చేతికర్ర మంచంకోడు మీద ఠపీమని పడింది. ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చున్న పాంగ్ తల వంచుకున్నాడు. యాభై దాటిన మనిషి. చైనాలోని లాంజౌ ఊరి పాత క్వార్టర్లలో అతని నూడుల్స్ కొట్టు తెలియనివాళ్లు లేరు. ఆ కర్ర ముందు మాత్రం నిక్కరేసుకున్న కుర్రాడిలా ముడుచుకుపోయాడు.

"తప్పయిపోయింది టీచర్."

"తప్పు కాదు, పొగరు! పాంగ్ దెషున్, నాకు తెలీదా నీ సంగతి? వెనకబెంచీలో కూర్చుని, బొగ్గుపొయ్యి మీద రొట్టెలు కాల్చుకుంటుంటే చదువెలా వస్తుంది? గదంతా మాడువాసన!"

వంటింటి గుమ్మంలో వింటున్న కూతురు యున్‌కి ఒళ్లు మండింది. అమ్మకి జ్ఞాపకాలు ఒక్కొక్కటే రాలిపోయాయి. యున్‌యున్ అని ముద్దుగా పిలిచిన నోటితోనే, ఇవాళ పొద్దున గంజి తాగిస్తుంటే "నర్సమ్మాయ్, నీదే ఊరు?" అని అడిగింది. ఈ మొద్దు పేరు మాత్రం ఇంటిపేరుతో సహా గుర్తుంది.

"పాంగ్ అన్నా, ఇలా రా."

పాంగ్ గుమ్మం దగ్గరికొచ్చాడు.

"వారం వారం వచ్చి అమ్మకి బీపీ పెంచి పోతున్నావు. తలుపు తియ్యాలన్నా, లైటు వెయ్యాలన్నా, బండి నడపాలన్నా మన భాషలో 'కాయ్' అనే ఒక్క మాటే. మొదట్లో అందరం అలాగే తప్పు చేస్తాం. ఇన్నేళ్లయినా నీకింకా రాలేదంటే ఏమనుకోవాలి?"

"చదువు మధ్యలో మానేసినవాణ్ణి కదా చెల్లెమ్మా."

"నేనూ ఇంగ్లీషు పంతులమ్మనే. 'టర్న్ ఆన్' అనాలి. లోపలికెళ్లి ఒక్కసారి సరిగ్గా చెప్పు, ఆవిడ సంతోషిస్తుంది. ఆ తర్వాత ఇటు రాకు."

పాంగ్ మొహం మాడింది. "రావద్దంటే మానేస్తాను. అది మాత్రం చెప్పించకు."

"చేతకాదని ఒప్పుకోవచ్చుగా?"

అతను ఆమె వంక ఒకసారి చూసి, వెళ్లి మళ్లీ పీట మీద కూర్చున్నాడు. రేడియోలో వార్తలు చదివేవాడిలా, ఎక్కడా తడబడకుండా అన్నాడు.

"టీచర్, షల్ ఐ టర్న్ ఆన్ ద లైట్?"

కర్ర మెల్లగా ఒళ్లోకి దిగింది. చూ టీచర్ మర్యాదగా నవ్వింది.

"చాలా బాగా చెప్పారు. తమరెవరు కామ్రేడ్? మీ పిల్లాడు ఏ తరగతి?"

యున్ గోడకి ఆనుకుంది. పాంగ్ లేచి టోపీ పెట్టుకున్నాడు. తను తెచ్చిన సూపు గిన్నె మూత మళ్లీ బిగించి, చల్లారకుండా తువ్వాలు చుట్టాడు.

"సరిగ్గా చెప్పినవాళ్లెవరూ ఆవిడకి గుర్తులేరు చెల్లెమ్మా. వాళ్లూ ఆవిణ్ణి గుర్తుంచుకోలేదనుకో. ఫస్టు వచ్చినవాడు ఒక్కడైనా ఈ మెట్లెక్కాడా?" గుమ్మం దాటుతూ ఆగాడు. "నీకైతే పాపం, చిన్నప్పట్నుంచీ ఒక్క తప్పూ రాదు."

మెట్ల మీద అతని అడుగులు దూరమయ్యాయి. గదిలో చీకటి పడుతోంది. యున్ చాలాసేపు స్విచ్చి వైపు చూస్తూ నిలబడింది. తర్వాత వచ్చి, ఇంకా వెచ్చగా ఉన్న ఆ పీట మీద కూర్చుంది.

"అమ్మా... ఓపెన్ ద లైట్?"

కర్ర ఠక్కున పైకి లేచింది.

"యున్‌యున్! నా కడుపున పుట్టి నువ్వూనా? చాపు చెయ్యి!"